ఆకాశమునకు కూడ నాకాయేనా?

మన పేటను కుంఠా నాకా యని పిలుచుచున్నాము. నాకా యనగా నేమి? ఊరిలోనికి వచ్చు బండిని ఆపి, మూట విప్పించి, సరకు లెక్కించి, జకాతు రాబట్టుకొని గాని లోనికి విడువని చోటు. జకాతు రద్దయి యేండ్లు గడచినవి. గుమాస్తా లేడు, అడ్డుకొయ్య లేదు, రసీదు పుస్తకము లేదు, పేరొక్కటి మిగిలినది. అయినను ఒక్క సరకు విషయమున ఆ అడ్డుకొయ్య నేటికిని పైకి లేవలేదని మేము ఈ వారము నిష్కర్షగా చెప్పదలచితిమి. ఆ సరకు విజ్ఞానము. అందును అంతరిక్ష విజ్ఞానము.

గత సమావేశమున జరిగిన ముచ్చట పాఠకులలో పలువురు వినియే యుందురు. బి.యస్‌సి. చదువుచున్న మన పిల్లలు నలుగురు లేచి, పుణ్యశ్లోక అహిల్యాదేవి హోళ్కర్ షోలాపురము విశ్వవిద్యాలయమువారు అంతరిక్ష శాస్త్రమున బోధనకును పరిశోధనకును ఇతర విశ్వవిద్యాలయములతోను ప్రయోగశాలలతోను భాగస్వామ్యపు ఒడంబడిక చేసికొనవలెనని కోరుచు, సంఘము పక్షమున ఒక విజ్ఞప్తి పంపుడని అడిగిరి. సభలో ఒక పెద్దమనిషి చిరునవ్వుతో లేచి, "సాంచా నడిస్తే బువ్వ. రాకెట్టు నడిస్తే మనకేమొస్తది బిడ్డా?" అనిరి. సభ ఘొల్లున నవ్వినది. దాచనేల, మేమును నవ్వితిమి. పిల్లలు తలలు వంచుకొని కూర్చుండిరి. విజ్ఞప్తి మాట వాయిదా పడినది.

ఆ నవ్వు తప్పని ఇంటికి వచ్చిన పిమ్మట తోచినది. పెద్దమనిషి మాటలో న్యాయము లేకపోలేదు. చాదరుకును తువ్వాలుకును గిరాకి తగ్గిన దినములివి. ఒక్కొక్క వీధిలో ఎన్ని సాంచాలు పాత ఇనుమునకు అమ్ముడుపోయినవో ఆయనకు తెలియును, మాకును తెలియును. ఇంటి ఆడవారు చాట ఒడిలో పెట్టుకొని వేయి బీడీల లెక్కకు ప్రొద్దు గడపుచున్నారు. ఇట్టి పేటలో అంతరిక్షము మాట ఎత్తువానిని చూచి నవ్వుట సహజమే. కాని "మనకేమి వచ్చును" అని అడిగినవారు జవాబు వినుటకు సిద్ధముగా నుండవలెను గదా. వినుడు.

2018, 2019 సంవత్సరముల వర్షాకాలములలో మన షోలాపురము మీది మబ్బులను శాస్త్రజ్ఞులు విమానములలో వెంబడించిరి. పూణెలోని భారత ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థవారి ప్రయోగమది. సహ్యాద్రి చాటున నున్న వానలేమి సీమ గనుకనే మన జిల్లాను ఎన్నుకొనిరి. 276 మబ్బులను పరీక్షించి, కొన్నింటిలో కాల్షియము క్లోరైడు పొగ విడిచి, కొన్నింటిని పోల్చి చూచుటకు ఊరకయే వదలిరి. 2023లో వెల్లడించిన ఫలితముల ప్రకారము కొన్ని తావుల సుమారు 46 శాతము, గాలివాలున నూరు చదరపు కిలోమీటర్ల మేర సగటున సుమారు 18 శాతము వాన హెచ్చినది. ఇది వరప్రసాదమని మేమనము. మబ్బే లేనిచోట ఏ పొగయు వాన కురిపింపజాలదు. 18 శాతముతో కరవు తీరదు. కాని మబ్బు మనది, చేను మనది, ఎండిన చెరువు మనది. ఆ రెండు వర్షాకాలములును కుంఠా నాకాలో ఆకాశమున విమానపు రొద విని తలయెత్తి చూచి, మరల తల వంచుకొని కండెలు చుట్టుకొన్నాము. ఆ విమానములో కూర్చుండి కొలతలు తీసినవారిలో మన పేట బిడ్డ ఒక్కడైన నుండవలెనని ఆనాడు ఎవరికి తోచినది? మాకును తోచలేదు.

ఇది మబ్బుల విద్య గాని అంతరిక్ష విద్య కాదని కొందరనవచ్చును. వారు తుంబా కథ మరచినారు. 1963 నవంబరు 21వ తేదీన కేరళ తీరమున మన దేశమునుండి ఎగిరిన మొదటి రాకెట్టు చంద్రుని కొరకు పోలేదు. పైగాలులు ఎటు వీచుచున్నవో తెలిసికొనుటకు సోడియము ఆవిరిని ఆకసమున చిమ్ముటకు పోయినది. గాలిని చూచుటతోనే మన అంతరిక్ష విద్య ఆరంభమైనది. నేటికిని భారత ప్రభుత్వ అంతరిక్ష శాఖ క్రిందనున్న ప్రయోగశాలలలో ఒకటి కేవలము గాలిని పరిశీలించుటకే యున్నది. అది మనకు కొత్తచోటు కాదు. మనవారు మొక్కు తీర్చుకొనుటకు ఏటేట పోవు తిరుపతికి సమీపముననే, గాదంకి అను పల్లెలో ఉన్నది.

గాదంకి సంగతి నేతగాండ్రకు చెప్పదగినది. 1990ల తొలి వత్సరములలో అచట నెలకొల్పిన రేడారునకు తిరుగు గొడుగు లేదు. నూట ముప్పది మీటర్ల చదరపు మైదానమున నిలువునకు 32, అడ్డమునకు 32 చొప్పున 1024 ఏంటెనాలు పడుగుపేకలవలె పరచియున్నవి. అన్నియు కలిసి ఒక్క కెరటమును పైకి పంపును. వాన లేకున్నను, మబ్బు లేకున్నను, గాలిలోని సన్నని సుడులు ఆ కెరటమును రవంత మరలించును. ఆ మరలివచ్చిన రవంతను పట్టి, నేలకు ఇరువది కిలోమీటర్ల లోపలను, మరల అరువదికి మీదను గాలి ఎటు, ఎంత వేగమున పోవుచున్నదో చెప్పుదురు. 2005 నుండి ఆ సంస్థకు జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల యని పేరు.

యంత్రముకన్న మాకు ముఖ్యమైనది దాని చుట్టు అల్లుకొన్న ఏర్పాటు. తిరుపతిలో 1954లో స్థాపితమైన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమున, విశ్వవిద్యాలయ నిధుల సంఘము సహాయముతో, ఈ రేడారు ప్రయోజనములకై ఒక ప్రత్యేక కేంద్రమును తెరచిరి. రాయలసీమ పల్లెలనుండి వచ్చిన విద్యార్థికి ప్రపంచమున కొద్దిచోట్ల మాత్రమే యున్న యంత్రము పొరుగింటి బావివలె అందుబాటునకు వచ్చినది. పల్లెలో ప్రయోగశాల, ప్రక్క పట్టణమున విశ్వవిద్యాలయము, నడుమ రాకపోకలు. భాగస్వామ్యమనగా ఇది. గోడకు తగిలించిన ఒడంబడిక పత్రము కాదు.

ఇక మన వాటా సంగతి. షోలాపురము కళాశాలలు చాలకాలము కొల్హాపురమున 1962లో వెలసిన శివాజీ విశ్వవిద్యాలయమునకు లోబడియుండెను. ఆ విశ్వవిద్యాలయ ప్రాంగణమున భారత భూ అయస్కాంత శాస్త్ర సంస్థవారు ఒక రేడారును నిలిపి, ఎనుబది, తొంబది కిలోమీటర్ల ఎత్తున వీచు గాలులను కొలిచిరి. 2004లో మన జిల్లాకు ప్రత్యేక విశ్వవిద్యాలయము వచ్చినది. ఉత్సవములు చేసికొన్నాము, చేసికొనదగినదే. కాని అన్నదమ్ముల పంపకములలో ఇత్తడి బిందె ఒకరికి, పందిరిమంచము ఒకరికి పోవునట్లు, ఆ పంపకమున ఆకాశము కొల్హాపురమువారి వాటాకు పోయినది. అడిగినవారెవరు? కొల్హాపురమువారిని మేము నిందించుట లేదు. తమ పెరటిలోని చెట్టును వారు పెంచుకొనిరి.

కొల్హాపురమున ఉండగా షోలాపురమున మరల ఎందుకని అడుగు తార్కికులకు ఒక సంగతి మనవి చేయుదుము. రాత్రివేళ అయనమండలమున బుడగలవంటి శూన్యములు పుట్టి ఉపగ్రహ సంకేతములను చెదరగొట్టును. దారి చూపు యంత్రములు దారి తప్పుట అందువలన కూడ జరుగును. ఆ బుడగలు సాధారణముగ తూర్పునకు సాగును, సెకనునకు నూరు మీటర్ల అటునిటుగా. కొల్హాపురమునకు తూర్పున, ఇంచుమించు రెండువందల కిలోమీటర్ల దూరమున, అక్షాంశమున పెద్ద భేదము లేకుండ మన ఊరున్నది. అక్కడ కనిపించిన బుడగ అరగంటకు ఇక్కడికి వచ్చునా, ఇంకను ఆలస్యముగ వచ్చునా, నడుమ చెదరిపోవునా? ఒక్కచోట నిలిచి చూచువాడు ఈ ప్రశ్నకు నేరుగ జవాబీయలేడు. రెండుచోట్ల నిలిచిన ఇద్దరు చెప్పగలరు. అందులకు కావలసినది కొండంత రేడారు కాదు. విశ్వవిద్యాలయపు మిద్దెమీద ఉపగ్రహ సంకేతములను పట్టు ఒక రిసీవరు, దానిని ప్రతిదినము చూచుకొను ఒక విద్యార్థి.

ఢిల్లీ, బెంగుళూరు వైపునుండి తలుపులు బొత్తిగా మూసియున్నవా? లేవు. న్యాయము చెప్పవలెను. ఇస్రోవారు 2018 తరువాత ప్రాంతీయ అంతరిక్ష విద్యాకేంద్రములను జైపూరు, గౌహతి, కురుక్షేత్రము, సూరత్కల్, పాట్నా, వారణాసులలో విద్యాసంస్థల భాగస్వామ్యముతో నెలకొల్పిరి. ఈ ఆరింటిలో ఒక్కటియు మహారాష్ట్రమున లేదు. ఆంధ్ర, తెలంగాణములలోను లేదు. ఇరువైపుల బంధువులున్నను మనకు ప్రాంతము లేకపోయినది! కాని అంతకు పూర్వమునుండియే, రెస్పాండు అను పేరుతో, ఏ విశ్వవిద్యాలయమైనను పరిశోధన ప్రతిపాదన పంపి ధనసహాయము కోరు పద్ధతి యున్నది. డెహరాడూనులోని భారత దూరసంవేదన సంస్థవారు 2007 నుండి దూరవిద్యగా పాఠములు చెప్పుచు, కళాశాలలను కేంద్రములుగ చేర్చుకొనుచున్నారు. అడుగువారికి దారులున్నవి. అడుగవలెనని చెప్పువారు మన పేటలో లేరు, చెప్పిన నలుగురిని మనము నవ్వి కూర్చుండబెట్టితిమి.

ఒక్కచోట మాత్రము ప్రభుత్వమువారితో మాకు నిజమైన తగవున్నది. తొమ్మిదవ తరగతి పిల్లలకై ఇస్రోవారు 2019లో ఆరంభించిన యువిక అను శిక్షణలో, ఎన్నిక చేయునపుడు పంచాయతీ ప్రాంతపు పాఠశాలలలో చదువువారికి ప్రత్యేకముగ కొన్ని గుణములు కలుపుదురు. మంచిదే, పల్లె పిల్లవానికి అది దక్కవలసినదే. మరి నగరపాలక సంస్థ హద్దులోపల, ఒక్క గదిలో సాంచా చప్పుడు నడుమ చదువుకొను పిల్లవాని సంగతి ఏమి? వాడు కాగితము మీద పట్టణవాసి. పెద్దపట్టణపు పెద్దపాఠశాలల పిల్లలతో సమానుడని ఆ పట్టిక చెప్పును. పల్లెవాడు కాడు గనుక పల్లె గుణములు లేవు. ధనికుడు కాడు గనుక పట్టణపు సౌకర్యములు లేవు. ఇదియే మేము చెప్పు నాకా. శ్రామికవాడలలోని పాఠశాలలకును ఆ గుణములు కలుపవలెనని అడుగుట అన్యాయమా?

ఇక "గాదంకి ఆంధ్రమునందున్నది, మనము మహారాష్ట్రమున నున్నాము, అన్యరాష్ట్రముతో పొత్తు కుదరదు" అను వాదము. ఇది విని మాకు కోపముకన్న ఆశ్చర్యము హెచ్చు. 1995లో ఐక్యరాజ్య సమితి ప్రోత్సాహమున డెహరాడూనులో ఆసియా పసిఫిక్ దేశములకై అంతరిక్ష శాస్త్ర సాంకేతిక విద్యాకేంద్రము ఏర్పడినది. నేపాళము, మంగోలియా, శ్రీలంక, ఉజ్బెకిస్తాను మొదలైన దేశములవారు అచటికి వచ్చి చదివిరి. వారికి పట్టములిచ్చు బాధ్యత ఏ విశ్వవిద్యాలయము వహించినది? విశాఖపట్టణములోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తు. మంగోలియా విద్యార్థి హిమాలయ పాదమున చదివి తెలుగుగడ్డమీది విశ్వవిద్యాలయపు పట్టమును పొందినపుడు అడ్డురాని సరిహద్దు, రైలెక్కిన తెల్లవారునాటికి బంధువుల ఇండ్లకు చేరు మన పిల్లలకు అడ్డువచ్చునా?

సరిహద్దు మనకు పూర్వమొకసారి అడ్డువచ్చినమాట మాత్రము నిజము. 1975 ఆగస్టు 1 మొదలు 1976 జూలై 31 వరకు ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 పల్లెలకు అమెరికావారి ఉపగ్రహము ద్వారా దూరదర్శన పాఠములు పంపిరి. కోళ్ళగూటి తీగజాలితో అల్లిన గొడుగులే ఏంటెనాలు. హిందీ, ఒరియా, కన్నడములతోపాటు తెలుగునను ఆకాశమునుండి మాటలు దిగినవి. మన పూర్వులు విడిచివచ్చిన తెలంగాణమున మహబూబునగరము జిల్లా పల్లెలు వినినవి. మనకు తూర్పున గుల్బర్గా జిల్లా పల్లెలు కన్నడమున వినినవి. మహారాష్ట్రము ఆ ఆరింటిలో లేదు. ఆ ప్రయోగము పల్లెలకు ఉద్దేశింపబడినది, మనది పట్టణము గనుక ఫిర్యాదుకు తావులేదు. అయినను ఇటు తెలుగు, అటు కన్నడము వినిపించుచుండగా నడుమ మనము నిశ్శబ్దముగ నుంటిమి. రెండవమారు అట్లుండుటకు ఒప్పుకొనము.

ఇంతవరకు అధికారులకు చెప్పితిమి. ఇప్పుడు మరల మన పెద్దమనిషి వద్దకు వత్తము. సాంచాకును రాకెట్టుకును సంబంధమేమని గదా ఆయన మాట. జకార్డు మగ్గమున అట్టకు రంధ్రమున్నచో పడుగు లేచును, లేనిచో లేవదు. పువ్వు ఎట్లు పడవలెనో అట్ట చెప్పును. ఆ ఉన్నది లేనిదను రెండు మాటలతోనే నేటి గణనయంత్రములన్నియు నడచుచున్నవి. 1969 జూలైలో మనుష్యులను చంద్రునిమీదకు దించిన అపోలో నౌకలోని గణనయంత్రమునకు శాశ్వత స్మృతి 36,864 పదములు. ఆ స్మృతిని ఎట్లు చేసిరో ఎరుగుదురా? నేసిరి! అమెరికాలోని వాల్తాము అను ఊరిలో రేథియాన్ కర్మాగారమున, పూర్వము బట్టల మిల్లులలోను గడియారముల కర్మాగారమునను పనిచేసిన స్త్రీలు ఎదురెదురుగ కూర్చుండి, సన్నని తీగను చిన్న చిన్న అయస్కాంతపు ఉంగరములలోనుండి దూర్చిరి. ఉంగరము లోనుండి పోయిన ఒకటి. ప్రక్కనుండి పోయిన సున్న. ఒక్క తీగ దారి తప్పినను లెక్క తప్పును. అచ్చులో ఒక్క పోగు తప్పినచో చాదరు ఏమగునో ఎరిగినవారికి ఈ మాట వేరుగ వివరింపనక్కరలేదు. వారి చేతిపని నెత్తినిడుకొని చంద్రుని వద్దకు పోయిరి. మన ఆడవారి వ్రేళ్ళకు ఆ నేర్పు లేదని ఎవరనగలరు? ఆ నేర్పు బీడీ ఆకు దగ్గర ఆగిపోవలెనని ఏ శాస్త్రమున నున్నది?

భాష మాట చెప్పక ఈ పత్రిక ముగియదు, ఆ సంగతి పాఠకులెరుగుదురు. విశ్వవిద్యాలయమున అంతరిక్ష శాస్త్రమును తెలుగున బోధింపుడని మేము కోరుట లేదు. అట్టి కోరికతో నవ్వులపాలగుట మా అభిమతము కాదు. రాజ్యాంగమున 1956లో చేర్చిన 350-ఎ అధికరణము కూడ భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశయందు మాతృభాషాబోధనను గూర్చియే చెప్పుచున్నది. మరాఠీ ఈ రాజ్యపు భాష. మన పిల్లలు దానిని చక్కగ నేర్చుచున్నారు, నేర్వవలెను. కాని ఏ విద్యయైనను మొదట ఇంటి మాటలో చెవినబడినపుడే తనదనిపించును. మగ్గము గుంటలో కూర్చున్న తండ్రికి కొడుకు తాను చదువునదేమో చెప్పగలుగవలెను. 1906లో విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించి శాస్త్రగ్రంథములను తెలుగున వెలువరింపజేసిన కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు చదువుకొన్నది నాగపురమున, వ్రాసినది తెలుగుననే గాక మరాఠీనను. రెండు భాషల నడుమ నిలిచినవాడు రెండింటికి వంతెన కాగలడు. మనము వంతెనలమై యుండియు నాకాలమని అనుకొనుచున్నాము.

మన తప్పు కొంత చెప్పక తప్పదు. 2023 ఆగస్టు 23న విక్రముడు చంద్రునిమీద దిగిన సాయంకాలము మన వీధులలోను టపాకాయలు పేలినవి, మిఠాయిలు పంచిరి. మరునాడు ఏ పాఠశాలలోనైన దూరదర్శినిని గూర్చి ఒక్క ఉపన్యాసము పెట్టించితిమా? సత్కారసభలకు చందా అడిగిన వెంటనే పుట్టును. పుస్తకశాలకు అడిగిన జేబు వెదకికొనవలెను. చాదరులు నేయు ఊరు గదా, ఎవరికి ఏమి కప్పవలెనన్నను మనకు కొరతలేదు.

పిల్లలు వ్రాసిన విజ్ఞప్తిని మేము చదివితిమి. అత్యాశ ఏమియు లేదు. మన విశ్వవిద్యాలయము గాదంకి ప్రయోగశాలతోను, తిరుపతి, కొల్హాపురము విశ్వవిద్యాలయములతోను భాగస్వామ్యమునకు ఉత్తరము వ్రాయవలెను. ఏటేట కొందరు విద్యార్థులను అచటికి పంపవలెను. వారిలో శ్రామికవాడల పిల్లలకు తప్పక చోటుండవలెను. అచటి పరిశోధక విద్యార్థి నెలకొకమారు దూరశ్రవణముననైనను మన పిల్లలతో తెలుగున మాటలాడవలెను. పేట పాఠశాలలలో ఒక్కదాని మిద్దెమీదనైనను వానకొలత పాత్ర, గాలివాటమును తెలుపు యంత్రము ఉంచవలెను. వాని లెక్కలు పిల్లలే వ్రాసి విశ్వవిద్యాలయమునకు పంపుదురు. అయనమండలపు రిసీవరు సంగతి మేము చేర్చినది. పిల్లలు అంతవరకు అడుగుటకు జంకిరి.

విజ్ఞప్తి తెలుగునను మరాఠీనను వ్రాయబడి సంఘ కార్యాలయమున బల్లమీద నున్నది. ఆదివారము ఉదయము ఎనిమిది గంటలనుండి తలుపు తెరచియుండును. వ్రేలిముద్ర వేయువారికి సిరాపెట్టె కూడ ఉంచితిమి. సమావేశమున మమ్ము నవ్వించిన పెద్దమనిషి శుక్రవారమే వచ్చి, ఆ కాగితమును రెండుమారులు చదివించుకొని వినిరి. సంతకము ఇంకను చేయలేదు. "ఆ వానకొలత డబ్బా మా మిద్దెమీద పెడతరా, బడిమీదనే పెట్టాల్నా?" అని మాత్రము అడిగి, రేపు వచ్చెదనని చెప్పి పోయిరి.